పద్నాలుగు డాలర్ల నలభై ఏడు సెంట్ల రంగు: పాత గిటార్ కేటలాగులు ధరల గురించి నిజంగా ఏం చెబుతున్నాయి

అమెరికా గిటార్ కంపెనీ ఫెండర్ 1960ల తొలి ఏళ్ల ధరల పట్టికలో దాని ఎలక్ట్రిక్ గిటార్ స్ట్రాటోకాస్టర్‌కి (పొట్టిగా స్ట్రాట్) ఒకటికి మించి ధరలుంటాయి. మామూలు సన్‌బర్స్ట్ రంగుదైతే (మధ్యలో లేతగా, అంచుల వైపు ముదురుగా పోయే రంగు) 289 డాలర్ల 50 సెంట్లు. కస్టమ్ రంగు కావాలంటే 303 డాలర్ల 97 సెంట్లు. తేడా అయిదు శాతం, అంటే 14 డాలర్ల 47 సెంట్లు. అది కడితే ఫియెస్టా రెడ్, లేక్ ప్లాసిడ్ బ్లూ లాంటి రంగు వేసి పంపేవారు. ఈ రంగులు గిటార్ల కోసం పుట్టినవి కావు, కార్ల కోసం డూపాంట్ కంపెనీ తయారుచేసినవి. ఫియెస్టా రెడ్ 1956 నాటి ఫోర్డ్ థండర్‌బర్డ్ కారుది. లేక్ ప్లాసిడ్ బ్లూ కాడిలాక్‌ది.

అదే ఏడాది తయారై, ఒకే స్థితిలో ఉన్న రెండు స్ట్రాట్లు ఇవాళ అమ్మకానికి వస్తే, సన్‌బర్స్ట్ దానికన్నా కస్టమ్ రంగుదానికి వేల డాలర్లు ఎక్కువ చెబుతారు. రంగు మరీ అరుదైనదైతే రెట్టింపు దాకా పోతుంది. చెక్క ఒకటే, పికప్‌లు (తీగల కదలికను కరెంటుగా మార్చే చుట్టలు) ఒకటే, వాటిని చుట్టిన చేతులూ ఒకటే. వేలు పెట్టి మీటితే వచ్చే శబ్దంలో ఆ వేల డాలర్లు ఎక్కడా వినపడవు.

"అమెరికాలో ఒకప్పుడు స్ట్రాటోకాస్టర్ రెండు వందల యాభై డాలర్లే" అనే మాట గిటార్ వాయించేవాళ్ల మధ్య తరచూ వినపడుతుంది. విన్నవాళ్లు "ఆ రోజులే వేరు" అని నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పులో పసలేదు. ఆ రోజుల్లో మంచి ఎలక్ట్రిక్ గిటార్ కొనాలంటే మామూలు జీతగాడికి తలకు మించిన పని. కొత్త గిటార్ ఇవాళ ఉన్నంత చవకగా ఎప్పుడూ లేదు. పాత గిటార్‌కి ఇవాళ కడుతున్నది వాయిద్యం ఖరీదు కాదు, దాన్ని ఎవరూ చెయ్యి పెట్టి మార్చలేదన్న నమ్మకం ఖరీదు. ఇదంతా ఆ పాత కేటలాగుల్లోనే దొరుకుతుంది, కాకపోతే వాటిని చదవడం తెలియాలి.

కేటలాగు వేరు, ధరల పట్టిక వేరు

చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ రోజుల్లో గిటార్ కంపెనీల కేటలాగుల్లో తరచుగా ధరలే ఉండేవి కావు. రంగుల ఫొటోలతో కేటలాగు అచ్చు వేయించడం ఖర్చుతో కూడిన పని, దాన్ని ఏడాదో రెండేళ్లో వాడుకోవాలి. ధరలు మాత్రం ఈలోగా మారిపోతాయి. అందుకని ధరలను విడిగా ఒక పలచటి కాగితం మీద అచ్చువేసి కేటలాగు మధ్యలో పెట్టి కొట్లకు పంపేవారు. ఏ తేదీ నుంచి అమలో ఆ కాగితం మీదే ఉండేది. అరవై డెబ్భై ఏళ్లలో ఆ కాగితం జారిపోవడమో, వేరే ఏడాది కాగితం వచ్చి చేరడమో మామూలే. కాబట్టి "ఇది 1958 కేటలాగు, ఇందులో ధర ఇంత ఉంది" అని ఎవరైనా చూపిస్తే కేటలాగు అట్ట మీది ఏడాది వదిలేసి, ధరల కాగితం మీది తేదీ చూడాలి.

ఆ కాగితం మీద ఉన్నది లిస్ట్ ధర, అంటే కంపెనీ సూచించిన ధర. కొట్టువాడికి సరుకు అందులో సుమారు సగానికే వచ్చేది. 249 డాలర్ల 50 సెంట్ల గిటార్ కొట్టుకు చేరేసరికి దాదాపు 125 డాలర్లు. మిగతా సగంలోనే అద్దె, జీతాలు, వాయిదాల మీద ఇచ్చినప్పుడు పడే నష్టం, పాత గిటార్ తీసుకుని కొత్తది ఇచ్చినప్పుడు తగ్గించే మొత్తం అన్నీ ఇమడాలి. ఊళ్లో ఒకటే కొట్టుంటే లిస్ట్ ధరకే అమ్మేవాడు. న్యూయార్క్ నలభై ఎనిమిదో వీధిలోలా సంగీత వాయిద్యాల కొట్లు వరసగా ఉన్నచోట బేరం సాగేది.

సియర్స్ కేటలాగు సంగతి వేరు. పోస్టులో అమ్మే పెద్ద కంపెనీ కనుక దాని కేటలాగులో అచ్చయిన ధరే కట్టాల్సిన ధర, పైన రవాణా ఖర్చు. కాబట్టి సియర్స్ సొంత పేరుతో అమ్మిన సిల్వర్‌టోన్ గిటార్ ధరను ఫెండర్ లిస్ట్ ధర పక్కన పెట్టి "ఇన్ని రెట్లు" అనడం సరికాదు. ఫెండర్ ధరలోంచి కొంత తీసేశాకే పోల్చాలి.

లిస్ట్ ధరకూ అమ్మకపు ధరకూ మధ్య ఈ లాగులాట ఇప్పటికీ ఆగలేదు. ఇప్పుడు కంపెనీలు "ఇంతకు తక్కువకు ప్రకటించకూడదు" అని కొట్లకు హద్దు పెడతాయి. ఏ వెబ్‌సైటు చూసినా ఒకే గిటార్ ఒకే ధరకు కనిపించడానికి ఒక కారణం అదే. ఆ హద్దు దాటి, అసలు అంతకు తక్కువకు అమ్మనే వద్దని పట్టుబట్టినందుకు బ్రిటన్‌లో పోటీ వ్యవహారాల సంస్థ 2020 జనవరిలో ఫెండర్ యూరప్ విభాగానికి 45 లక్షల పౌండ్ల జరిమానా వేసింది.

పెట్టె గురించి కూడా చెప్పాలి. ఇవాళ మంచి గిటార్ కొంటే పెట్టెనో సంచినో దానితోనే వస్తుంది. 1954లో స్ట్రాట్ పెట్టెకు విడిగా దాదాపు 40 డాలర్లు. ఫెండర్‌కి పోటీ కంపెనీ గిబ్సన్ పెట్టె కూడా అంతకు కాస్త పైనే. గిటార్ ధరలో ఆరో వంతు పెట్టెకే పోయేదన్నమాట. పాత ధరలను నేటి ధరలతో పోల్చే చాలామంది ఈ నలభై డాలర్లు మరిచిపోతారు. ఎలక్ట్రిక్ గిటార్‌కి ఆంప్లిఫయర్ లేకపోతే పెద్దగా పని లేదు కనుక దాని ఖర్చు కూడా కలపాలి, అది చాలాసార్లు గిటార్ అంత అయ్యేది.

ఇక బొమ్మల సంగతి. కేటలాగు బొమ్మను సాక్ష్యంగా తీసుకోకూడదు. అమ్ముతామని చెప్పినది కేటలాగులో ఉంటుంది. కొట్టుకు నిజంగా ఏం పోయిందో ఫ్యాక్టరీ సరుకు పద్దుల్లో ఉంటుంది. పాత ఫొటోలను కొత్త కేటలాగుల్లో మళ్లీ వాడుకునేవారు, నమూనా గిటార్లకు ఫొటోలు తీసేవారు. అందుకని "కేటలాగులో ఇలా ఉంది కదా, ఈ గిటార్‌కి ఆ భాగం ఎవరో మార్చేశారు" అని వెంటనే తేల్చెయ్యకూడదు.

249 డాలర్ల 50 సెంట్లు అంటే ఎంత

1954లో ట్రెమొలో (తీగలను వదులు చేసి స్వరాన్ని ఊపే మీట) ఉన్న స్ట్రాటోకాస్టర్ 249 డాలర్ల 50 సెంట్లు, లేనిది 229 డాలర్ల 50 సెంట్లు. దీన్ని నేటి లెక్కలోకి మార్చడానికి రెండు మూడు దారులున్నాయి, ఒక్కోటి ఒక్కో జవాబు చెబుతుంది.

అమెరికా వినియోగ ధరల సూచీ 1954లో సగటున 26.9. 2024లో 313.7. అంటే 11.66 రెట్లు. ఆ లెక్కన గిటార్ దాదాపు 2,900 డాలర్లు. పెట్టె కలిపితే 3,370 దాటుతుంది. కొట్టువాడు ఇరవై శాతం తగ్గించాడనుకున్నా గిటార్ ఒక్కటే 2,300 పైచిలుకు. ఫెండర్ అమెరికాలో తయారుచేసే మామూలు ప్రొఫెషనల్ తరగతి స్ట్రాట్‌ను ఇప్పుడు సుమారు 1,700 డాలర్లు అనుకుందాం. పెట్టె అందులోనే. అంటే డెబ్భై ఏళ్లలో దాని అసలు ధర పెరగలేదు సరికదా, బాగా తగ్గింది.

కూలి లెక్కన చూద్దాం. 1954లో అమెరికా కేంద్ర కనీస కూలి గంటకు 75 సెంట్లు. స్ట్రాట్ కొనాలంటే 332 గంటల పైచిలుకు పని, వారానికి నలభై గంటల చొప్పున ఎనిమిది వారాల పైన. తిండికీ అద్దెకూ ఒక్క సెంటు తియ్యకుండా. ఇవాళ కేంద్ర కనీస కూలి 7 డాలర్ల 25 సెంట్లు, 2009 నుంచి కదలలేదు. చాలా రాష్ట్రాల్లో అంతకన్నా ఎక్కువే ఇస్తున్నా, ఈ వాదనకు బొత్తిగా అనుకూలించని ఆ 7.25నే తీసుకుందాం. 1,700 డాలర్ల గిటార్‌కి 234 గంటలు. అయినా దాదాపు వంద గంటలు తక్కువే.

మన ఇళ్లలో ఏ పాత ధరనైనా బంగారంతో కొలవడం అలవాటు. అప్పట్లో ఔన్సు బంగారం 35 డాలర్లు. 249 డాలర్ల 50 సెంట్లకు ఏడు ఔన్సుల పైచిలుకు, అంటే దాదాపు 222 గ్రాములు వచ్చేది. ఔన్సు 2,000 డాలర్లని తక్కువలో తక్కువగా వేసుకున్నా ఇవాళ అది 14,000 డాలర్లు దాటుతుంది. చూశారా, గిటార్ ఎంత ఖరీదో అనిపిస్తుంది. కానీ ఆ 35 డాలర్లు బజారు ధర కాదు, ప్రభుత్వం కట్టిపెట్టిన ధర. 1933 నుంచి 1974 చివరి దాకా అమెరికా పౌరులు బంగారం బిస్కెట్లు ఇంట్లో దాచుకునే వీలే లేదు. కాబట్టి ఈ ఒక్క విషయంలో బంగారం లెక్క పక్కన పెట్టడమే మంచిది.

మన రూపాయల్లో చెప్పాలంటే అప్పుడు డాలరుకు 4 రూపాయల 76 పైసలు. గిటార్ ఒక్కటే దాదాపు 1,190 రూపాయలు. దిగుమతికి లైసెన్సులు కావలసిన కాలం కనుక మనవాళ్లకు ఆ లెక్క కాగితం మీదే మిగిలింది. చాలా ఏళ్ల పాటు మన కుర్రకారు చేతికొచ్చినవి కలకత్తాలో తయారైన గివ్‌సన్ లాంటి గిటార్లే.

గిబ్సన్ వైపు చూస్తే ఈ సంగతి ఇంకా గట్టిగా తెలుస్తుంది. 1959లో లెస్ పాల్ స్టాండర్డ్ లిస్ట్ ధర 265 డాలర్లు, నేటి లెక్కన దాదాపు 2,850. చెర్రీ సన్‌బర్స్ట్ రంగులో, ముందు చెక్క మీద పులిచారల్లాంటి గీతలతో వచ్చిన ఆ గిటార్‌నే ఇవాళ "బర్స్ట్" అంటున్నారు, మంచి స్థితిలో ఉన్నదానికి లక్షల డాలర్లు పలుకుతోంది. మరి 1960లో ఏమైంది? అమ్మకాలు చాలక గిబ్సన్ దాన్ని మానేసి, 1961కి పలచటి రెండు కొమ్ముల బాడీకి మారిపోయింది, మనం ఎస్‌జీ అనే గిటార్ అదే. మూడేళ్లలో తయారైన బర్స్ట్‌లు పదిహేడు వందలకు మించవు. గిబ్సన్‌దే, వీ అక్షరం ఆకారంలో ఉన్న ఫ్లయింగ్ వీ కథ ఇంకా ఘోరం. 1958లో 247 డాలర్ల 50 సెంట్లకు పెడితే ఆ ఏడు ఫ్యాక్టరీ నుంచి 81, మరుసటి ఏడు 17 కదిలాయి. ఆనాటి కొనుగోలుదారుడు కేటలాగు చూసి, ధర చూసి, పేజీ తిప్పేశాడు. ఈ గిటార్లు ఇవాళ అరుదుగా ఉండటానికి కారణం ఆ రోజు ఖరీదుగా తోచి మూల పడటమే.

కింది తరగతి ఎలా ఉండేదో సియర్స్ చెబుతుంది. 1962లో న్యూజెర్సీలోని డానెలెక్ట్రో కంపెనీ సియర్స్ కోసం సిల్వర్‌టోన్ 1448 అనే సెట్టు చేసింది. గిటార్ పెట్టెలోనే చిన్న ఆంప్లిఫయర్, 5 అంగుళాల స్పీకరు బిగించి ఉండేవి. పెట్టె తెరిచి నిలబెట్టి తీగ కలిపితే చాలు. ధర 67 డాలర్ల 95 సెంట్లు. చెక్క చట్రానికి ముందూ వెనకా హార్డ్‌బోర్డ్ పలకలు అతికించిన బాడీ, లిప్‌స్టిక్ గొట్టంలో దాచిన ఒకే ఒక్క పికప్, వంపు సరిచేసుకునే వీలు లేని నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడుగు భాగం). తెలివైన పనే, మోత కూడా బాగుండేది. కానీ అది నేటి డబ్బులో 700 డాలర్లు. కనీస కూలి లెక్కన 59 గంటల పని. ఇవాళ 200 డాలర్లకు, అంటే 28 గంటల లోపు పనికి, మూడు పికప్‌లు, సరిచేసుకోగల నెక్, గట్టి చెక్క బాడీ ఉన్న గిటార్ వస్తుంది. పదిహేనేళ్ల పిల్లవాడికి గిటార్ కొనిపెట్టాల్సిన తండ్రి వైపు నుంచి చూస్తే, ఇంతకన్నా మంచి కాలం ఎప్పుడూ లేదు.

కొత్తది ఎందుకు చవకైంది

లియో ఫెండర్ మొదటి నుంచీ తయారీ తేలికగా సాగాలనే గిటార్ రూపొందించాడు. పలక లాంటి బాడీ, నాలుగు మరలతో బిగించిన నెక్. జిగురు పెట్టి ఆరబెట్టే పని లేదు, నెక్ పాడైతే విప్పి ఇంకోటి బిగించవచ్చు. ఆ ఆలోచనను 1980ల తర్వాత కంప్యూటర్‌తో నడిచే కోత యంత్రాలు చివరిదాకా తీసుకెళ్లాయి. నెక్ పట్టే గాడి ఇప్పుడు వెయ్యో గిటార్‌కీ ఒకేలా వస్తుంది. 1982లో జపాన్ ఫ్యాక్టరీ సరుకుతో స్క్వయర్ అనే ఫెండర్ చవక గిటార్ల పేరు మొదలైంది, 1987లో మెక్సికోలోని ఎన్సెనాడాలో ఫెండర్ సొంత ఫ్యాక్టరీ పెట్టింది, ఆ తర్వాత కొరియా, చైనా, ఇండోనేషియా. రోజుల తరబడి ఆరే నైట్రోసెల్యులోజ్ లక్కరు పోయి, త్వరగా గట్టిపడే పాలియెస్టర్ పూత వచ్చింది.

ఈ చవకలో కోత పడేది చివరి గంట చేతిపనిలో. తక్కువ ధర గిటార్‌లో వచ్చే చిక్కులు దాదాపు ఎప్పుడూ అవే. నట్ (నెక్ పై కొసన తీగలు ఆనే పట్టీ) గాడులు లోతు చాలవు, అందుకే మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు కడ్డీ) దగ్గర ఎఫ్ కార్డ్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపు) పట్టాలంటే వేళ్లు నొప్పి పుడతాయి, స్వరం కూడా కాస్త పైకి పోతుంది. ఫ్రెట్‌ల మట్టం ఒకేలా ఉండదు, ఒకచోట తీగ ఝుమ్మంటుంది. తేమ దేశంలో తయారై మన ఎండల్లోకో ఏసీ గదిలోకో వచ్చాక ఫ్రెట్‌బోర్డ్ చెక్క కుదించుకుపోతుంది, ఫ్రెట్ కొసలు పక్కలకు పొడుచుకొచ్చి అరచెయ్యి గీరుకుంటుంది. హైదరాబాద్ ఏప్రిల్‌లో ఇలా అయితే, విశాఖ వానాకాలంలో నెక్ ఇంకో దిక్కుకు వంగుతుంది.

వీటికి మందు ఖరీదైన గిటార్ కొనడం కాదు. మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) బిగించి, నెక్ బాడీని కలిసేచోట అన్నిటికన్నా లావైన ఆరో తీగను నొక్కిపట్టి, ఎనిమిదో ఫ్రెట్ మీద తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు కొలవాలి. 0.25 మి.మీ. ఉండాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపలి ఇనుప కడ్డీ) బిగించాలి, తక్కువుంటే వదులు చెయ్యాలి, ఒకసారికి పావు చుట్టు మించకుండా. ఆ తర్వాత పదిహేడో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 1.6 మి.మీ.కి తేవాలి. వరస ముఖ్యం, నెక్ సరిచెయ్యకుండా తీగ ఎత్తు దింపితే మళ్లీ మొదటికొస్తుంది. చివర్లో పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్‌నూ (తీగను అక్కడ తాకీ తాకకుండా మీటితే వచ్చే స్వరం) అదే ఫ్రెట్ నొక్కి మీటిన స్వరాన్నీ ట్యూనర్‌తో పోల్చి, నొక్కినది పైకి ఉంటే శాడిల్‌ను (బాడీ వైపు తీగ ఆనే ముక్క) వెనక్కి, కిందికి ఉంటే ముందుకు జరపాలి. నట్, ఫ్రెట్‌ల పని మాత్రం చెయ్యి తిరిగినవాళ్లకే ఇవ్వాలి. ఇంత చేశాక 20,000 రూపాయల గిటార్‌ని వేదిక మీద నిస్సంకోచంగా వాయించవచ్చు.

పాతది ఎందుకు ఖరీదైంది

పాత గిటార్ల ధర మొదటి రోజు నుంచీ పైకే పోయిందనుకోవడం పొరపాటు. ముందు బాగా పడిపోయింది. 1970లో ఇంగ్లండ్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ అమెరికాలోని నాష్‌విల్ ఊళ్లో ఒక కొట్లో 1950ల నాటి స్ట్రాట్లు గుత్తగా కొన్నాడు. అప్పటికి వాటిని ఎవరూ అడగడం లేదు, కొత్తదాని లిస్ట్ ధరకన్నా చవకగా దొరికాయి. కొన్నింటిని స్నేహితులకు ఇచ్చి, మూడింటిలోని మంచి భాగాలు ఏరి ఒకే గిటార్‌గా బిగించుకున్నాడు. అదే "బ్లాకీ". 2004లో క్రిస్టీస్ వేలంలో 9,59,500 డాలర్లకు పోయింది. గమనించండి, పాత గిటార్ల బజారు సూత్రం ప్రకారం అది మూడు గిటార్ల ముక్కలు కలిపిన సరుకు, దానికి విలువే ఉండకూడదు. ఆ డబ్బంతా పట్టుకున్న చేతికి. పింక్ ఫ్లాయిడ్ బృందం గిటారిస్టు డేవిడ్ గిల్మర్ నల్ల స్ట్రాట్‌కి 2019లో వచ్చిన 39,75,000 డాలర్లూ అంతే. వేలం వార్తల్లోని ఈ అంకెలను చూసి మామూలు పాత గిటార్ ధర అంచనా వెయ్యడం దండగ.

మామూలు గిటార్ల ధర పెరిగినదానికి అసలు కారణం 1965 జనవరి. ఫెండర్ కంపెనీని సీబీఎస్ అనే రేడియో, టీవీ సంస్థ 1 కోటి 30 లక్షల డాలర్లకు కొంది. తయారీ సంఖ్య పెరిగింది. కొన్నేళ్లలో పాలియెస్టర్ పూత మందమైంది, 1970ల తొలినాళ్లలో స్ట్రాట్ నెక్‌కి నాలుగు మరలు పోయి మూడు వచ్చాయి. వాయించేవాళ్లు "సీబీఎస్ ముందువి" అని వెతకడం మొదలుపెట్టారు. గిబ్సన్ సంగతి చూస్తే, బ్లూస్ సంగీతం వాయించే ఇంగ్లండ్ కుర్రాళ్ల చేతుల్లో పాత లెస్ పాల్ మోగాక, మానేసిన ఆ మోడల్‌ను 1968లో మళ్లీ తీసుకురావాల్సి వచ్చింది. అంటే కంపెనీయే "పాతదే మేలు" అని ఒప్పుకున్నట్టయింది. అప్పటి నుంచి పాత గిటార్ వేరే బజారు సరుకు.

ఆ బజారులో అరుదుదనం ఒక్కటే ధర పెంచదు. మొదట్లో చెప్పిన ట్రెమొలో లేని స్ట్రాట్ తీసుకోండి. ట్రెమొలో ఉన్నవాటికన్నా అవి చాలా తక్కువ తయారయ్యాయి. అయినా ఇవాళ ధర తక్కువే. కేటలాగులో ఇరవై డాలర్లు తక్కువున్నది ఇప్పటికీ తక్కువగానే మిగిలింది. కావాలనేవాళ్లు లేకపోతే అరుదైనదైనా మూల పడుంటుంది.

కస్టమ్ రంగు ఎందుకంత పలుకుతుందో బ్రిటన్ కథ చూస్తే అర్థమవుతుంది. యుద్ధం తర్వాత డాలర్ల కొరతతో బ్రిటన్ 1951 నుంచి 1959 దాకా అమెరికా వాయిద్యాల దిగుమతిని ఆపేసింది. అక్కడి కుర్రాళ్లు స్ట్రాట్‌ను ఫొటోల్లో చూడటమే. 1959లో గాయకుడు క్లిఫ్ రిచర్డ్ తన బృందంలోని గిటారిస్టు హ్యాంక్ మార్విన్ కోసం ఫెండర్ కేటలాగు తెప్పించి అమెరికా నుంచి ఒకటి తెప్పించాడు. కేటలాగులో అన్నిటికన్నా ఖరీదైనది చూసి ఎంచుకున్నారు: ఎర్ర రంగు, బంగారు పూత భాగాలు, మచ్చల మేపుల్ నెక్, ట్రెమొలో. ఆ ఎర్ర గిటార్ టీవీల్లో, వేదికల మీద కనపడ్డాక బ్రిటన్ అంతా ఎరుపే అడిగింది. దాంతో అక్కడి దిగుమతిదారులు సన్‌బర్స్ట్‌లో వచ్చిన గిటార్ల మీద కూడా ఎరుపు కొట్టించి అమ్మారు. ఇవాళ బ్రిటన్ నుంచి వచ్చే ఫియెస్టా రెడ్ గిటార్ పెచ్చు ఊడినచోట కింద సన్‌బర్స్ట్ కనిపిస్తే ముందు ఈ కథ గుర్తుచేసుకోవాలి. ఫ్యాక్టరీ రంగు ధర మాత్రం దానికి కట్టకూడదు.

పాతకాలం నుంచి నడుస్తున్న బజారు లెక్క ఒకటుంది: మళ్లీ రంగు వేసిన గిటార్ విలువ సగం. కనుక రంగు అసలైనదో కాదో తేల్చుకోవడం మీదే బేరమంతా ఆధారపడుతుంది. దీనికి ఫెండర్ బాడీలో చక్కటి గుర్తుంది. 1964 చివరి దాకా ఫ్యాక్టరీలో రంగు వేసేముందు బాడీ ముందుభాగంలో చిన్న మేకులు కొట్టేవారు. రంగు వేశాక బాడీని ఆ మేకుల మీద బోర్లించి ఆరబెట్టడానికి. ఆరాక మేకులు పీకేస్తే చిన్న చిన్న రంధ్రాలు మిగులుతాయి, మేకు అప్పటిదాకా అక్కడే ఉంది కనుక వాటి లోపల రంగుండదు, పచ్చి చెక్క కనపడుతుంది. పిక్‌గార్డ్ (బాడీ ముందున్న ప్లాస్టిక్ పలక) విప్పి టార్చి వేసి చూడండి. రంధ్రం లోపలికి రంగు దిగి ఉన్నా, రంధ్రమే మూసుకుపోయినా ఆ పూత తర్వాత వేసినది.

పిక్‌గార్డ్ విప్పారు కాబట్టి పొటెన్షియోమీటర్ల (శబ్దాన్ని పెంచి తగ్గించే బిరడాల కింది భాగాలు) వెనక అంకెలు కూడా చదవండి. మొదటి మూడు అంకెలు తయారీదారువి: 304 అంటే స్టాక్‌పోల్, 137 అంటే సీటీఎస్. ఆ తర్వాత ఏడాది, చివరి రెండూ వారం. 304416 అంటే స్టాక్‌పోల్, 1954, పదహారో వారం. 1376612 అంటే సీటీఎస్, 1966, పన్నెండో వారం. గిటార్ అంతకన్నా పాతదై ఉండే వీల్లేదు, అంతవరకే ఇది రుజువు. కొత్తది మాత్రం కావచ్చు, ఎందుకంటే 1966లో ఫెండర్ పెద్ద మొత్తంలో కొని పెట్టుకోవడంతో ఆ ఏటివి తర్వాతి కొన్నేళ్ల గిటార్లలోనూ కనిపిస్తాయి. టంకం కూడా చూడండి. ఒకసారి కరిగించి మళ్లీ అతికిన టంకం ముద్దగా, మచ్చలుగా ఉంటుంది. అసలు టంకం చెదరకుండా ఉంటే పికప్‌లూ అసలువే అని నమ్మకం కుదురుతుంది.

నెక్ మడమ (బాడీలో కూర్చునే కొస) మీద 1962 తొలినాళ్ల దాకా పెన్సిల్‌తో, తర్వాత రబ్బరు ముద్రతో తేదీ ఉంటుంది. ముద్ర మీద "2 మార్ 62 బి" అని ఉంటే దాన్ని మార్చి రెండో తేదీ అని చదివేవాళ్లు కోకొల్లలు. ఆ 2 స్ట్రాటోకాస్టర్‌కి ఇచ్చిన సంఖ్య. బి అంటే నట్ వెడల్పు, 41.3 మి.మీ. నెల, ఏడాది తప్ప తేదీ అందులో లేనే లేదు.

ఇంకో మాట వ్యాపారులు ఇష్టమొచ్చినట్టు వాడుతున్నారు: "లాసూట్ (కోర్టు దావా) గిటార్". 1970ల జపాన్ నకళ్లన్నిటికీ ఈ పేరు తగిలించి ధర పెంచుతారు. జరిగింది ఒక్కటే దావా. 1977లో గిబ్సన్ యజమాని నార్లిన్, జపాన్‌వాళ్ల ఐబనెజ్ గిటార్లను అమెరికాలో అమ్మే ఎల్గర్ కంపెనీ మీద ఫిలడెల్ఫియా కోర్టులో వేసింది. గొడవంతా తల భాగం ఆకారం గురించి. ఏడాది తిరిగేలోపు రాజీ అయింది. ఐబనెజ్ ఆ ఆకారాన్ని అప్పటికే మార్చుకుంటూ వచ్చింది. వేరే పేరున్న జపాన్ గిటార్‌కి ఈ దావాతో సంబంధం లేదు. అది మంచి గిటార్ అయితే వాయించి చూసి కొనండి, పేరుకు డబ్బు కట్టకండి.

పాత గిటార్‌ను పెట్టుబడిగా కొనమని సలహా ఇచ్చేవాళ్లు 2008ని దాటవేస్తారు. అంతకుముందు కొన్నేళ్లు ధరలు ఆకాశానికెక్కాయి, ఆర్థిక సంక్షోభం రాగానే దిగాయి, శిఖరం మీద కొన్నవాళ్లు చాలా ఏళ్లు ఇరుక్కున్నారు. స్థలం లాగా అద్దె రాదు, బంగారం లాగా తూకానికి అమ్ముకోలేం. అమ్మాల్సిన రోజున సరైన మనిషి దొరకాలి, వ్యాపారి ద్వారా అమ్మితే అతని వాటా పోవాలి.

కేటలాగులు కూడా ఇప్పుడు కొనే వస్తువులయ్యాయి, వాటిలోనూ నకళ్లున్నాయి. పదిరెట్ల భూతద్దం చాలు. అసలు అచ్చులో ఫొటోలే చుక్కలుగా ఉంటాయి, అక్షరాలు నిండు సిరాతో అంచులు తేరి ఉంటాయి. స్కాన్ చేసి మళ్లీ అచ్చువేసినదానిలో అక్షరాల అంచులు కూడా చుక్కలుగా చెదిరిపోతాయి, ఫొటోల్లో చుక్కల మీద చుక్కలు పడి అలలు కనిపిస్తాయి. మధ్యలో పిన్నులు చూడండి, అరవై ఏళ్ల పిన్ను చుట్టూ కాగితంలోకి తుప్పు మరక దిగి ఉండటం సహజం.

అమెరికాలో ఉన్న మన పిల్లల చేత పాత గిటార్ తెప్పించుకుందామనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. 1960ల మధ్య వరకు ఫెండర్, గిబ్సన్ ఫ్రెట్‌బోర్డ్‌లకు వాడిన రోజ్‌వుడ్ ఎక్కువగా బ్రెజిల్‌ది. 1992 జూన్ నుంచి అది సైటీస్ ఒప్పందం (అరుదైన మొక్కల, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది, తగిన ధ్రువపత్రం లేకుండా అమ్మకానికి దేశం దాటించకూడదు. సరిహద్దు దగ్గర పట్టుకుంటే గిటార్ పోతుంది. ఆ తర్వాత వాళ్లు మళ్లింది భారత రోజ్‌వుడ్‌కి, మన అడవుల్లో పెరిగే జిట్రేగి అదే. 2017 జనవరిలో దాన్నీ రెండో జాబితాలో చేర్చారు కానీ, తయారైన వాయిద్యాలకు 2019 నవంబర్ నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి కొనేముందు ఫ్రెట్‌బోర్డ్ చెక్క ఏదో అమ్మేవాడి చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి, బ్రెజిల్‌ది అయితే పత్రం చేతికొచ్చాకే డబ్బు పంపండి. ఆనాటి ధరల పట్టికలో మాత్రం ఆ చెక్కకు విడిగా ఒక్క సెంటు కూడా వెయ్యలేదు.